కేటలాగ్ ఎంతసేపైనా చూడండి, ఆర్డర్ మాత్రం మడి చూసి పెట్టండి

మీరు అడిగింది ఇదీ: రాత్రిపూట విత్తనాల కేటలాగ్ పట్టుకుంటే టైమే తెలియడం లేదు. పోయిన ఏడాది 38 ప్యాకెట్లు తెప్పించుకున్నారు. సగం విప్పనే లేదు, వేసినవాటిలో కొన్నే సరిగ్గా కాశాయి. ఈ అలవాటు మానుకోవాలా, లేక దీన్నే ఒక దారిలో పెట్టుకోవచ్చా?

మానుకోకండి. 20 ఏళ్లకు పైగా కూరగాయలు, పూలు పెంచుతున్నాను. ఇప్పటికీ కొత్త కేటలాగ్ వస్తే ఆ రాత్రి నాకు వేరే పని తోచదు. మీరు మార్చుకోవాల్సింది ఒక్కటే. చూసే రోజు, ఆర్డర్ పెట్టే రోజు వేరువేరుగా ఉండాలి. ఆ రెంటి మధ్య మీ మడిని కొలిచి గీసిన కాగితం ఒకటి ఉండాలి. ఫొటో చూసి పెట్టిన ఆర్డర్‌లో సగం డబ్బాలోనే ఉండిపోతుంది. కాగితం చూసి పెట్టిన ఆర్డర్ దాదాపు అంతా మట్టిలోకి వెళ్తుంది.

ముందు ఆ చూడటం గురించి చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో కొంచెం తప్పు చేసినట్టు మాట్లాడారు. అందులో తప్పేమీ లేదు. తోట ఖాళీగా ఉండే రోజుల్లో మనసులో తోట వేసుకోవడం కూడా తోటపనే. నేను మొదటిసారి తిరగేసేటప్పుడు పెన్సిల్ కూడా పట్టుకోను. ఊరికే చూస్తాను. ఊదారంగు బీన్స్ కాయలు, గీతల వంకాయలు, పసుపు కాడల ఆకుకూర, అరచేతిలో ఒదిగే పుచ్చకాయ, అన్నీ చూస్తాను. రెండోసారికి పెన్సిల్ వస్తుంది, నచ్చినవాటి పక్కన చిన్న చుక్క పెడతాను. మూడోసారి, అదీ రెండు మూడు రోజుల తర్వాత, చుక్క పెట్టినవాటి కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదువుతాను. అసలు చదువు అక్కడే మొదలవుతుంది. చాలా చుక్కలు అక్కడే చెరిగిపోతాయి కూడా.

ఆ ఆశకు ఎంత బలం ఉందో చెప్పే సంగతి ఒకటి నాకు చాలా ఇష్టం. అమెరికాలోని బర్పీ విత్తనాల కంపెనీ 1954లో ఒక బహుమతి ప్రకటించింది. అచ్చంగా తెల్లగా పూసే బంతి విత్తనం తెచ్చినవాళ్లకు 10,000 డాలర్లు. బంతి అంటే పసుపు, నారింజ. తెలుపు అప్పటికి ఎవరి దగ్గరా లేదు. చివరికి 1975లో ఆ బహుమతి అయోవా రాష్ట్రానికి చెందిన ఆలిస్ వాంక్ అనే ఆవిడకు దక్కింది. ఆవిడ శాస్త్రవేత్త కాదు, ఇంటి పెరట్లో మొక్కలు పెంచుకునే మనిషి. తెల్లదనానికి దగ్గరగా పూసిన మొక్కల విత్తనం దాచి మళ్లీ వేస్తూ ఏళ్ల తరబడి ఆ పని మీదే ఉన్నారు. లేని పువ్వును మనసులో చూడగలిగినవాళ్లకే అంత ఓపిక వస్తుంది. మీరు రాత్రిపూట పేజీలు తిప్పుతూ చేస్తున్నదీ అదే పని అని నా నమ్మకం.

ఇక కాగితం సంగతి. గళ్ల నోట్‌బుక్ తీసుకోండి, ఒక గడి అంటే 10 సెంటీమీటర్లు అనుకోండి. టేపుతో కొలిచి మీ స్థలం గీయండి. గోడ, చెట్టు, కుళాయి ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. కుళాయి ముఖ్యం. నీళ్లు మోసుకెళ్లాల్సినంత దూరంలో ఉన్న మడికి రెండో నెల నుంచే నిర్లక్ష్యం మొదలవుతుంది, ఇది నేను నా తోటలో చాలాసార్లు చూశాను.

తర్వాత నీడ. మబ్బు లేని ఒక రోజు చూసుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండు గంటలకోసారి బయటికి వెళ్లి, నీడ అంచు ఎక్కడుందో కాగితం మీద గీత గీసి టైమ్ రాయండి. సాయంత్రానికి మీ మడి మీద ఏ మూల ఎన్ని గంటలు ఎండ పడుతుందో తెలిసిపోతుంది. టమాటా, మిరప, వంగ, కీర లాంటి కాయ కాసేవాటికి రోజుకు 6 నుంచి 8 గంటల నేరుగా పడే ఎండ కావాలి. ఆకుకూరలు 4 గంటలతో కూడా సర్దుకుంటాయి. ఇది ఒక్క రోజు పని, కానీ ఏ ఎరువూ చేయలేని మేలు చేస్తుంది. సీజన్ మారితే నీడ కూడా జరుగుతుంది కాబట్టి నేను ఏడాదిలో రెండుసార్లు గీస్తాను.

మడి వెడల్పు 1.2 మీటర్లు మించనివ్వకండి. రెండు వైపుల నుంచి చెయ్యి చాచితే మధ్యకు అందాలి, లోపల కాలు పెట్టి మట్టిని తొక్కే పని ఉండకూడదు. మడికీ మడికీ మధ్య 45 సెంటీమీటర్ల దారి వదలండి.

ఇప్పుడు లెక్క చూడండి. 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న మడిలో టమాటా 60 సెంటీమీటర్ల ఎడంతో పెడితే రెండు వరుసలు, వరుసకు 5, మొత్తం 10 మొక్కలు. టమాటా విత్తనాలు గ్రాముకు సుమారు 300 ఉంటాయి. అర గ్రాము ప్యాకెట్ ఒక్కటి కొంటే 150 విత్తనాలు. పది మొక్కలకు 15 విత్తనాలు నారు పోస్తే చాలు, టమాటా విత్తనం జాగ్రత్తగా దాస్తే నాలుగేళ్లు మొలుస్తుంది. అంటే ఆ ఒక్క ప్యాకెట్ నాలుగేళ్లు వాడినా ఇంకా మిగులుతుంది. మీ 38 ప్యాకెట్లలో టమాటా రకాలే తొమ్మిది అని రాశారు. పది మొక్కల చోటుకు తొమ్మిది రకాలు! కేటలాగ్‌లో ఒక్కో రకం ఒక్కో పేజీలో కనిపిస్తుంది కాబట్టి అన్నిటికీ చోటున్నట్టే అనిపిస్తుంది. గళ్ల కాగితం మీద పది గుండ్రాలు గీసి చూస్తే ఎన్ని రకాలు పడతాయో మీకే తెలుస్తుంది. నేనైతే రెండు రకాలు నమ్మకమైనవి, ఒకటి కొత్తది పెడతాను.

తీగల విషయంలో మరీ జాగ్రత్త. గుమ్మడి విత్తనం బొటనవేలి గోరంత ఉంటుంది, ఫొటోలో కాయ ఒక్కటే కనిపిస్తుంది, తీగ కనిపించదు. ఒక ఏడాది ఒక మూల ఖాళీగా ఉందని ఒక్క గింజ పెట్టాను. రెండు నెలలకు ఆ తీగ 4 మీటర్లు పాకి, పక్క మడిలో మిరప మొక్కల మీదికెక్కి కూర్చుంది. పెద్ద ఆకుల్ని ఎత్తి చూస్తే కింద మిరప కొమ్మలు పాలిపోయి, లేత కాడలు వెలుతురు కోసం పక్కకు వంగి ఉన్నాయి. కాయలు మూడు వచ్చాయి, మిరప పంట మొత్తం పోయింది. అప్పటి నుంచి ఏ ప్యాకెట్ ఆర్డర్ పెట్టినా ముందు అది ఎంత మేర పాకుతుందో చూసి, ఆ గుండ్రం కాగితం మీద గీస్తాను. పొద రకం అని రాసి ఉంటే అది వేరే సంగతి, దానికి ఒక మీటరు చాలు.

ఇక చిన్న అక్షరాలు. నేను చూసే వరుసలోనే చెబుతాను.

రోజుల లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుందో చూడండి. టమాటా పక్కన 75 రోజులు అని ఉంటే, మామూలుగా అది నారు పీకి మడిలో నాటిన రోజు నుంచి మొదటి కోత దాకా. విత్తనం వేసిన రోజు నుంచి కాదు. నారు పెరగడానికి 5, 6 వారాలు కలుపుకోవాలి. వంగ, మిరప కూడా ఇంతే. నేరుగా మడిలో వేసే బీన్స్, క్యారెట్, ముల్లంగికి మాత్రం విత్తిన రోజు నుంచే లెక్క. కొన్ని కేటలాగ్‌లు మొదటి పేజీల్లో ఎక్కడో ఈ మాట రాసి పెడతాయి, వెతకండి. ఈ తేడా తెలియక చాలామంది చలి మొదలయ్యేనాటికి పచ్చి కాయలతో మిగిలిపోతారు.

ఎఫ్1 అని ఉంటే విత్తనం దాచుకునే ఆలోచన వద్దు. ఎఫ్1 అంటే రెండు వేరు వేరు తల్లి రకాల్ని కలిపి తీసిన మొదటి తరం, అంటే హైబ్రిడ్. మొదటి తరం మొక్కలన్నీ అచ్చు ఒకేలా, బలంగా వస్తాయి. దాని గింజ దాచి వేస్తే రెండో తరంలో లక్షణాలు విడిపోతాయి. లక్షణాలు తరాల మధ్య ఎలా దిగుతాయో చూపిన మెండెల్ బఠాణీ మొక్కల మీద చేసిన ప్రయోగాలు 1866లో అచ్చయ్యాయి కదా, అందులో రెండో తరంలో మూడు మొక్కలు ఒకలా, ఒకటి వేరేలా వచ్చిన లెక్క ఇదే. నేను ఒక హైబ్రిడ్ చెర్రీ టమాటా గింజ దాచి మరుసటి ఏడాది ఎనిమిది మొక్కలు పెంచాను. రెండు పాతదానికి దగ్గరగా వచ్చాయి, మూడు పుల్లగా, ఒకటి కోలగా, మిగతావి చప్పగా. చూడటానికి ఎంతో ఆసక్తిగా ఉంది, నమ్ముకోవడానికి మాత్రం పనికిరాదు. గింజ దాచుకోవాలంటే ఓపెన్ పాలినేటెడ్ అని రాసిన రకాలు తీసుకోండి, అంటే గింజ వేస్తే మళ్లీ తల్లిలాగే వచ్చేవి. అందులోనూ బీన్స్, బఠాణీ, టమాటా, లెట్యూస్ సులువు, ఇవి ఎక్కువగా తమలో తామే ఫలదీకరణం చెందుతాయి. గుమ్మడి, సొర, కీర జాతులు తేనెటీగల మీద ఆధారపడతాయి కాబట్టి ఒకే జాతిలో రెండు రకాలు దగ్గర దగ్గరగా ఉంటే గింజ కలగాపులగం అవుతుంది. హైబ్రిడ్ చెడ్డదనీ, పాతది మంచిదనీ కొందరు వాదిస్తుంటారు. నేను ఒప్పుకోను. నా తోటలో రెండూ ఉంటాయి, ఏది ఎందుకు పెడుతున్నానో తెలిసి పెడతాను.

పేరు పక్కన ఉండే పొడి అక్షరాలు. టమాటా పేర్ల పక్కన వీ, ఎఫ్, ఎన్, టీ లాంటివి ఉంటాయి. వీ అంటే వెర్టిసిలియం వడలు తెగులు, ఎఫ్ అంటే ఫ్యుజేరియం వడలు తెగులు, ఎన్ అంటే వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు, టీ అంటే టొబాకో మొజాయిక్ వైరస్. ఆ అక్షరం ఉంటే ఆ రకం దాన్ని తట్టుకోగలదని అర్థం. ఒకప్పుడు నేను వీటిని పట్టించుకోలేదు. ఒక మడిలో మూడేళ్లు వరసగా టమాటానే పెట్టాను. మూడో ఏడు నిండుగా కాయలున్న మొక్కలు మధ్యాహ్నం వాలిపోయి, సాయంత్రం కాస్త లేచి, నాలుగో రోజుకు ఇక లేవలేదు. ఆకులు కూడా ఒక పక్కే పసుపెక్కాయి. నీళ్లు చాలలేదేమో అని ఇంకా పోశాను. చివరికి ఒక కాండం మొదట్లో ఏటవాలుగా కోసి చూస్తే, లోపల తెల్లగా ఉండాల్సిన చోట గోధుమరంగు చారలు. అది ఫ్యుజేరియం. అది మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది, మందు కొడితే పోయేది కాదు. తర్వాత ఆ మడిలో బీన్స్, ఆకుకూరలు తిప్పి, చాలాకాలానికి మళ్లీ టమాటా పెట్టినప్పుడు ఎఫ్ అక్షరం ఉన్న రకమే ఎంచుకున్నాను. నిలబడింది. అక్షరం పక్కన అంకె ఉంటే అది ఆ తెగులులోని ఏ రేస్‌ను, అంటే ఏ ఉపరకాన్ని, తట్టుకుంటుందో చెబుతుంది, అదీ గమనించండి.

అందుకే కాగితం మీద పంట పేరుతో పాటు కుటుంబం కూడా రాస్తాను. టమాటా, మిరప, వంగ, బంగాళాదుంప ఒకే కుటుంబం. ఇవి వేసిన చోట మళ్లీ ఇవే రాకుండా కనీసం మూడేళ్ల ఎడం ఉంచాలని చూస్తాను. చిన్న తోటలో ప్రతిసారీ కుదరదు, అయినా పాత స్కెచ్‌లు పారేయకండి. మూడేళ్ల కిందట ఏ మూల ఏముందో ఎవరికీ గుర్తుండదు.

పగటి పొడవు. ఇది ఉల్లికి సంబంధించింది, దీని వల్ల నేను ఒక ఏడాది పూర్తిగా పోగొట్టుకున్నాను. కేటలాగ్‌లో పిడికిలి కంటే పెద్ద ఉల్లిగడ్డ ఫొటో చూసి మనసు పడ్డాను. నారు బ్రహ్మాండంగా వచ్చింది, కాడలు ఏపుగా పెరిగాయి. నెలలు గడిచాయి, గడ్డ ఊరలేదు. తవ్వితే కింద పెన్సిల్ కంటే కాస్త లావుగా తెల్లటి కాడ. మట్టిదో, ఎరువుదో తప్పనుకుని తలపట్టుకున్నాను. తర్వాత మళ్లీ ఆ పేజీ తీసి చదివితే లాంగ్ డే అని రెండే మాటల్లో ఉంది. ఉల్లి పగటి పొడవు చూసుకుని గడ్డ ఊరడం మొదలుపెడుతుంది. షార్ట్ డే రకాలకు 10 నుంచి 12 గంటల పగలు చాలు, మధ్య రకాలకు 12 నుంచి 14 గంటలు, లాంగ్ డే రకాలకు 14 గంటలు దాటాలి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నవాళ్లకు అంత పొడవు పగలు రానే రాదు, వాళ్లు లాంగ్ డే రకం వేస్తే ఆకులే వస్తాయి. దూరంగా ఉత్తరాన ఉన్నవాళ్లు వసంతంలో షార్ట్ డే రకం నాటితే మొక్క ఎదగకముందే గడ్డ కట్టి గోలీకాయంత దగ్గర ఆగిపోతుంది. మీ దగ్గర ఏడాదిలో అతి పొడవైన పగలు ఎన్ని గంటలో ముందు చూసుకుని, అప్పుడు ఉల్లి పేజీ తెరవండి.

వేడి సంగతి కూడా అంతే. లెట్యూస్ గింజ 30 డిగ్రీలు దాటిన మట్టిలో చాలావరకు నిద్రలోకి వెళ్లిపోతుంది, గింజ చెడ్డది కాకపోయినా మొలవదు. టమాటా రాత్రి వేడి 24 డిగ్రీల కంటే తగ్గకపోతే పూలు రాల్చేస్తుంది. కేటలాగ్ వేడిని తట్టుకుంటుంది అని రాసిన చోట ఆగి చదవాలి.

వర్ణనల్లో ఒక మెలకువ. రవాణాకు అనుకూలం, ఒకేసారి కోతకు వస్తుంది అన్నవి అమ్మకానికి పండించేవాళ్లకు మంచి గుణాలు. ఇంటి తోటకు గట్టి తోలుతో పని లేదు, ఒకే వారంలో అన్ని కాయలూ వస్తే ఏం చేసుకోవాలో తెలియదు. టమాటాలో డిటర్మినేట్ అంటే ఒక ఎత్తుకు ఆగి ఒక్కసారిగా కాసేది, కుండీకి బాగుంటుంది. ఇన్‌డిటర్మినేట్ అంటే పెరుగుతూనే నెలల తరబడి కాసేది, దానికి బలమైన ఊతం కావాలి. ఫొటో చూసి కాయ సైజు అంచనా వేయకండి, గ్రాముల్లో బరువు రాసి ఉంటుంది, అది చూడండి.

అన్నీ ఇలా లెక్క ప్రకారమే చేస్తే ఆనందం ఏముంది అని మీకు అనిపించవచ్చు. అందుకే నేను స్థలంలో ఆరో వంతు ఏ లెక్కా లేకుండా వదిలేస్తాను. అక్కడ వచ్చేవి కేవలం మనసు పడ్డవి. ఊదా క్యారెట్ అక్కడే వేశాను, బిగోనియా కూడా. బిగోనియా ప్యాకెట్ విప్పితే అడుగున ముక్కుపొడిలా ఉంది, గ్రాముకు వేల మీద వేలు పడతాయి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుందని నోరు బిగించి, పొడి తెల్ల కాగితం ముక్కను మడిచి దాని మీద నుంచి వేలితో తట్టి తట్టి చల్లాను. వాటికి వెలుతురు కావాలి కాబట్టి పైన మట్టి కప్పకూడదు. పన్నెండో రోజు పొద్దున ట్రే మీద పచ్చటి నూగు పట్టినట్టు కనిపించింది. భూతద్దం తెచ్చి చూస్తే ప్రతి చుక్కకూ రెండు ఆకులు. ఆ రోజు ఎంతమందిని పిలిచి చూపించానో.

ఆర్డర్ పెట్టే రోజున నా కాగితం మీద మూడు లిస్టులుంటాయి. ఖాయం, ఆరో వంతు కోసం, వచ్చే ఏడాది. మూడోదే అన్నిటికంటే పొడవు. అందులో రాసిన వెంటనే అది పోయినట్టు ఉండదు, దాచుకున్నట్టు ఉంటుంది. వచ్చే ఏడాది మళ్లీ తీసి చూస్తే వాటిలో చాలావాటి మీద మోజు తగ్గిపోయి ఉంటుంది, తగ్గని రెండు మూడింటిని నేను నమ్ముతాను.

ఇప్పుడు మీ దగ్గర విప్పని 19 ప్యాకెట్ల గురించి. కొత్త ఆర్డర్ కంటే ముందు వాటి పని చూడండి. ఉల్లి గింజ ఒకటి రెండేళ్లకే ప్రాణం పోగొట్టుకుంటుంది. బెండ రెండేళ్లు, బీన్స్ మూడేళ్లు, టమాటా నాలుగు, కీర అయిదేళ్ల దాకా ఉంటాయి. చెమ్మ, వేడి రెండూ శత్రువులు. గింజలో చెమ్మ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెండింతలవుతుందనీ, దాచే చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా రెండింతలవుతుందనీ విత్తనాలు దాచేవాళ్లు వాడే ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది, దాన్ని హారింగ్టన్ లెక్క అంటారు. బిగుతు మూత సీసాలో సిలికా జెల్ వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక సీసా గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకండి, చల్లటి గింజల మీద చెమ్మ పడుతుంది.

ఒక్కో ప్యాకెట్ నుంచి 10 గింజలు తీసి, తడిపి పిండిన కాగితం రుమాలులో పరిచి, చుట్టి, పేరు, తేదీ రాసి కవర్లో పెట్టండి. బీన్స్, కీర వారంలో తేలిపోతాయి, టమాటాకు పది రోజులు, మిరపకు రెండు వారాలు ఇవ్వండి. ఎనిమిది మొలిస్తే మామూలుగా వేయండి, అయిదారైతే ఒత్తుగా వేయండి, మూడు లోపైతే దాన్ని వదిలేయండి. మొలిచినవాటిని పారేయకుండా మెల్లగా మట్టిలోకి మార్చుకోవచ్చు.

ఆ లెక్క వచ్చాక మీ స్థలం కొలతలు, ఎండ గంటలు, మీ దగ్గరి అతి పొడవైన పగలు ఎంతో రాయండి. ఆ 19 ప్యాకెట్లలో ఏవి ఏ మూలకు వెళ్తాయో చూడటానికి నేను కూడా గళ్ల కాగితం తీసుకుని కూర్చుంటాను.